ప్రియమైన అసత్యం, హితమైన సత్యం: చైకోవ్‌స్కీ 'ఇయొలాంతా' ఒపేరాలో సత్యగోపన సమస్య

సంగ్రహం

ఆత్మీయుల మేలు కోరి వారికి సంబంధించిన సత్యాన్ని వారినుండే దాచవచ్చునా అన్న ప్రశ్నను ప్యోతర్ ఇల్యిచ్ చైకోవ్‌స్కీ చివరి ఒపేరా 'ఇయొలాంతా' (1892) ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అంధురాలైన కుమార్తెను, తాను అంధురాలినన్న సంగతి ఆమెకే తెలియకుండా పెంచిన ఒక రాజు కథ ఇందలి ఇతివృత్తం. సత్యం, ప్రియం, హితం అనే భారతీయ వాఙ్నీతి భావనలనూ, జ్ఞానం–ఇచ్ఛ–ప్రయత్నం అనే న్యాయశాస్త్ర క్రమాన్నీ ఈ చర్చకు సాధనాలుగా స్వీకరించాను. సత్యగోపనంలోని ప్రధాన దోషం అబద్ధమాడటంలో కంటె, ఎదుటివారి ప్రశ్నించే శక్తినీ కోరుకొనే శక్తినీ హరించడంలో ఉన్నదనీ, సత్యం చెప్పవలసిన బాధ్యత చికిత్స ఫలించడంపై ఆధారపడి ఉండదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఇయొలాంతా, చైకోవ్‌స్కీ, హెన్రిక్ హెర్ట్స్, సత్యగోపనం, వాఙ్నీతి, ఇచ్ఛ, అంధత్వం.

ప్రవేశిక

రోగి మంచం పక్కన రోగం పేరు ఎత్తకపోవడం మన కుటుంబాలలో ఒక మర్యాదగా స్థిరపడింది. వైద్యుడు గది బయట కొడుకుతో ఒక మాట, గది లోపల తల్లితో మరొక మాట చెప్పడం మనకు కొత్త కాదు. వచ్చిపోయే బంధువులకు గుమ్మంలోనే హెచ్చరిక అందుతుంది: "అమ్మకు తెలియదు, మీరు అనకండి." ఈ ఏర్పాటును ఎవరూ మోసంగా భావించరు. దాచినవారు కూడా దాచడంలోని బరువును రాత్రింబవళ్లు మోస్తారు గనుక, దానికి ప్రేమ అనే పేరే తగినదిగా కనిపిస్తుంది. అయితే తనకు సంబంధించిన విషయం ఇంటిల్లిపాదికీ తెలిసి తనకు మాత్రమే తెలియని ఆ ఒక్క మనిషి పక్షాన నిలబడి ఆలోచిస్తే, ప్రశ్న రూపం మారుతుంది. ఆ మనిషి కోల్పోయినదేమిటి?

ఈ ప్రశ్నను ఒక పూర్తి కథగా విస్తరించి చూపిన రచన 'ఇయొలాంతా'. ఇది రష్యన్ రొమాంటిక్ సంగీత సంప్రదాయానికి చెందిన ఏకాంక ఒపేరా. సంగీత పరిశీలకులు దీనిని చైకోవ్‌స్కీ స్వరరచనా పరిణామంలో భాగంగా చర్చిస్తారు. ఇందులోని కథాపాఠంలో ఒక నైతిక సమస్య ఎలా రూపుకట్టింది, ఒపేరా దానికి చూపిన పరిష్కారం ఎంతవరకు నిలబడుతుంది అన్న రెండు అంశాలకు ప్రస్తుత వ్యాసం పరిమితమవుతుంది.

1. నాటకం నుండి ఒపేరాకు

డేనిష్ రచయిత హెన్రిక్ హెర్ట్స్ 1845లో 'రాజు రెనే కుమార్తె' అనే పద్యనాటకం రచించాడు. ఫ్యోదర్ మిల్లర్ చేసిన దాని రష్యన్ అనువాదం ఒక పత్రికలో వెలువడగా, 1883లో చైకోవ్‌స్కీ దానిని చదివి ఆకర్షితుడయ్యాడు. తరువాత కొన్నేళ్లకు ఆయన తమ్ముడు మొదెస్త్ దానిని ఒపేరా పాఠంగా మలిచాడు. 1891లో స్వరరచన పూర్తయింది. 1892 డిసెంబరు 18న (నాటి రష్యన్ పంచాంగం ప్రకారం డిసెంబరు 6) సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని మారీన్‌స్కీ రంగస్థలంపై, 'నట్‌క్రాకర్' బాలేతో కలిపి ఒకే సాయంత్రం దీనిని తొలిసారి ప్రదర్శించారు. మరుసటి ఏడాదే చైకోవ్‌స్కీ మరణించాడు.

కథకు చారిత్రక నామరూపాలున్నాయి. ఆంజూ వంశపు రెనేకు యొలాండ్ (1428–1483) అనే కుమార్తె ఉండేది. తండ్రికి ప్రత్యర్థియైన వొదెమాన్ వంశంలోని ఫెర్రీని ఆమె వివాహమాడింది. చరిత్రలోని యొలాండ్ అంధురాలు కాదు. అంధత్వం నాటకకర్త కల్పన. అంటే ఈ నైతిక సమస్యను చరిత్ర ఇవ్వలేదు, రచయిత ఆలోచించి నిర్మించాడు.

మొదెస్త్ చేసిన మార్పులలో ఒకటి గమనింపదగినది. మూలనాటకంలో రాకుమారికి బాల్యంలోనే నిశ్చయమైన వరుడు వొదెమాన్. ఒపేరాలో నిశ్చితవరుడు బర్గండీ ప్రభువు రాబర్ట్. అతడు మటిల్డా అనే మరొక స్త్రీని ప్రేమిస్తున్నాడు. ఇయొలాంతాను ప్రేమించే వొదెమాన్ అతని మిత్రుడు మాత్రమే. ఈ మార్పువల్ల వొదెమాన్ ఏ హక్కూ లేకుండా ఆ తోటలోకి వచ్చిన పరాయివాడయ్యాడు. సత్యం కుటుంబం లోపలినుండి కాక వెలుపలినుండి, అదీ దారితప్పి వచ్చిన ఒక మనిషి నోట వెలువడటానికి ఇది వీలు కల్పించింది.

తరువాతి చర్చకు ఆధారంగా కథను క్లుప్తంగా చెప్పుకోవాలి. ప్రొవాన్స్ రాజు రెనే చూపులేని తన కుమార్తె ఇయొలాంతాను కొండల నడుమ ఒక ఉద్యానంలో ఉంచి, దాది మార్తా, ఆమె భర్త ద్వారపాలకుడు బెర్త్రాన్, కొందరు చెలికత్తెల సంరక్షణలో పెంచుతాడు. ఆమె అంధత్వాన్ని ఆమెకు తెలియనివ్వకూడదన్నది శాసనం. అనుమతి లేకుండా అక్కడ అడుగుపెట్టినవారికి మరణదండన అన్న హెచ్చరిక ప్రవేశద్వారం వద్ద ఉంటుంది. రాజు పిలిపించిన మూర్ వైద్యుడు ఇబ్న్-హకియా నిద్రలో ఉన్న ఆమెను పరీక్షించి, చికిత్స సాధ్యమేగాని ముందుగా ఆమెకు తన స్థితి తెలియాలనీ, చూపును ఆమె స్వయంగా కోరుకోవాలనీ చెబుతాడు. రాజు నిరాకరిస్తాడు. ఇంతలో రాబర్ట్, వొదెమాన్ దారితప్పి తోటలోకి వస్తారు. వొదెమాన్ సంభాషణలో ఇయొలాంతాకు నిజం తెలిసిపోతుంది. చివరకు చికిత్స ఫలించి ఆమెకు చూపు వస్తుంది.

2. తోటలోని మౌనం

రెనే క్రూరుడు కాడు. తన పాపమేదైనా ఉంటే పవిత్రురాలైన ఈ బిడ్డ ఎందుకు అనుభవించాలని దైవాన్ని నిలదీస్తాడు. ఆమెకు చూపు వస్తుందంటే కిరీటాన్నీ అధికారాన్నీ వదులుకోవడానికి సిద్ధపడతాడు. ఈ ఒపేరాలో దుష్టపాత్ర లేకపోవడం యాదృచ్ఛికం కాదు. దాచినవాడు దుర్మార్గుడైతే నైతిక సమస్య అక్కడికక్కడే తీరిపోయేది. ప్రేమించే తండ్రి దాచడంవల్లనే అది సమస్యగా నిలిచింది.

ఆయన నిర్మించిన ఏర్పాటు స్వరూపాన్ని పరిశీలించాలి. ఇయొలాంతాకు ఎవరూ పచ్చి అబద్ధం చెప్పినట్లు మనకు కనిపించదు. 'నీకు చూపు ఉన్నది' అని ఆమెతో అనవలసిన అవసరమే రాలేదు. ఆమె ఎదుట వెలుగును గురించి, కంటికి కనిపించే అందాన్ని గురించి మాట్లాడకపోవడం చాలు. తండ్రి రాజన్న సంగతిని కూడా ఆమెకు దాచారు. కొత్తగా వచ్చిన రాజసేవకుడు అల్మెరిక్‌కు బెర్త్రాన్ ముందుగా బోధించేది ఈ నియమాలనే. అంటే అక్కడ ప్రవేశించే ప్రతి మనిషీ ముందుగా కొన్ని మాటలను మరచిపోవలసి ఉంటుంది. మౌనంతో కట్టిన గోడ అది.

అయినా గోడకు బీటలు పడతాయి. ప్రథమ దృశ్యంలోనే ఇయొలాంతా కారణం తెలియని దుఃఖంతో ఉంటుంది. ఏడవవద్దని మార్తా ఓదార్చబోతే, నా కళ్లను నీవు తాకనైనా లేదే, నేను ఏడుస్తున్నానని నీకెలా తెలిసిందని అడుగుతుంది. ఆమె దృష్టిలో కళ్లున్నది ఏడవడానికే. ఒకరి కన్నీటిని మరొకరు తెలుసుకొనే మార్గం తాకడమొక్కటే. మార్తాకు మరొక మార్గం ఉన్నదని ఆమె తర్కం పసిగట్టింది. జవాబు చెప్పవలసినవారు మాట దాటవేస్తారు. ఆమెకు బుద్ధి లోపించలేదు. ప్రశ్న సరిగానే పుట్టింది. ఆ ప్రశ్నను పూర్తిచేయడానికి కావలసిన పదాన్ని మాత్రం అందరూ కలిసి ఆమెకు లేకుండా చేశారు.

ఈ సన్నివేశాన్ని తెలుగులో ఊహించుకుంటే రాజశాసనం ఎంత అసాధ్యమైనదో అర్థమవుతుంది. తెలుగులో 'చూడు' అనే క్రియ కంటికి మాత్రమే పరిమితమైనది కాదు. రుచి చూస్తాం, వాసన చూస్తాం, చేయి పట్టి నాడి చూస్తాం. ప్రయత్నమంతా 'చేసి చూడటం'లో, 'అడిగి చూడటం'లో ఉన్నది. నిరీక్షణ ఎదురుచూపు, అవమానం చిన్నచూపు. ఒకరి బాగోగులు వహించడం కూడా వారిని 'చూసుకోవడమే'. ఇటువంటి భాషలో ఆ ఒక్క మాటను తొలగిస్తే ఇంద్రియానుభవం నుండి బాధ్యత వరకు సగం వ్యవహారం కూలిపోతుంది. కుమార్తెను కంటికి రెప్పలా చూసుకొన్న తండ్రి ఆమెకు 'చూడటం' అన్న భావాన్నే నిషేధించాడు. భాష ఉమ్మడి సొత్తు. ఒక మనిషి నుండి ఒక పదాన్ని దాచడమంటే ఆ మనిషిని ఉమ్మడి జీవనంలోని ఒక భాగం నుండి వెలివేయడమే. ఆ వెలిని ఆమె గుర్తించలేకపోవడం దాని తీవ్రతను తగ్గించదు.

సంగీతం కూడా ఈ లోటును సూచిస్తున్నట్లు భావించవచ్చు. ఒపేరా నాందీసంగీతంలో తంత్రీవాద్యాలు లేవు. కేవలం సుషిర వాద్యాలతో, స్థిరమైన స్వరం పట్టు దొరకని నడకతో అది సాగుతుంది. తెర లేచాకనే తంత్రులూ హార్ప్ వినిపిస్తాయి. తంత్రులకు తగిన సంగీతాన్ని సుషిర వాద్యాలకిచ్చాడని రిమ్‌స్కీ-కోర్సకోవ్ తన ఆత్మకథలో ఈ రచనను విమర్శించాడు. వాద్యరచనగా ఆ విమర్శ బలాబలాలు ఎలా ఉన్నా, వాద్యబృందంలో సగభాగం మౌనంగా ఉండగా మొదలయ్యే ఈ ఒపేరా వినేవారిని ఒక లేమిలో కూర్చోబెడుతుంది. ఆ లేమి ఏమిటో తొలిసారి వినేవారికి తెలియదు. ఇయొలాంతా స్థితీ అదే.

3. సత్యం ఎవరిది?

రెనే చర్యను సమర్థించదలచినవారికి భారతీయ నీతిశాస్త్రంలో ఆధారాలు దొరుకుతాయి. సత్యాన్ని పలకాలి, ప్రియంగా పలకాలి, అప్రియమైన సత్యాన్ని పలకరాదని మనుస్మృతి బోధిస్తుంది. ప్రాణులకు ఉపఘాతం కలిగించే మాట సత్యంలా కనిపించినా సత్యం కాదని యోగసూత్రాల వ్యాసభాష్యం వివరిస్తుంది. మహాభారత కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునునికి చెప్పిన కౌశికుని కథ ఈ భావానికి ప్రసిద్ధ దృష్టాంతం. సత్యవ్రతుడైన కౌశికుడు, పారిపోయి దాగినవారి జాడను దొంగలకు చెప్పి వారి మరణానికి కారకుడై నరకం పొందాడు. పాశ్చాత్య చింతనలో కాంట్ 1797లో రాసిన వ్యాసంలో ఇటువంటి ఉదాహరణనే స్వీకరించి విరుద్ధమైన నిర్ణయం చేశాడు: దాగిన మిత్రుని కోసం వచ్చిన హంతకునితో సైతం అసత్యమాడరాదు.

ఈ వాదాలు రెనే విషయంలో నేరుగా వర్తించవని నా అభిప్రాయం. కౌశికుని కథలోనూ కాంట్ ఉదాహరణలోనూ సత్యాన్ని అడుగుతున్నవాడు దానికి హక్కులేనివాడు. ఆ సత్యం మూడవ వ్యక్తికి చెందినది. దాచడం ఆ మూడవ వ్యక్తిని కాపాడుతుంది. ఇయొలాంతా విషయంలో మూడవ వ్యక్తి లేడు. దాచిన సత్యం ఆమె దేహానికి సంబంధించినది; దాని సొంతదారు ఆమె. పరుల సొత్తును దొంగకు ఇవ్వకపోవడం వేరు, సొంతదారుకే అందకుండా చేయడం వేరు. కాబట్టి అసత్యం ఎప్పుడైనా ధర్మం కావచ్చునా అని అడిగేముందు, సత్యం ఎవరికి చెందినదని అడగాలి.

మనుస్మృతి ఆ వచనంలోనే తదుపరి నియమాన్ని కూడా చేర్చిందన్నది సాధారణంగా విస్మృతమవుతుంది: ప్రియమైనదైనా అసత్యాన్ని పలకరాదు. రెండు నిషేధాలనూ కలిపి చదివితే మిగిలేది సున్నితమైన సత్యకథనం, లేదా మౌనం. రెనే మౌనాన్ని ఎంచుకొన్నాడనీ, అందువల్ల శాస్త్రాన్ని అతిక్రమించలేదనీ వాదించవచ్చు. అయితే చుట్టూ ఉన్నవారందరికీ శిక్షణ ఇచ్చి, మరణశాసనంతో కాపలా పెట్టి, పదేపదే పుట్టే ప్రశ్నలను దారి మళ్లించే మౌనం మాట్లాడకపోవడంతో ఆగదు. అది ఒక తప్పుడు ప్రపంచాన్ని నిర్మించి అందులో ఒక మనిషిని నివసింపజేస్తుంది. అది నోటితో పలకని ప్రియాసత్యం.

మన సాహిత్యంలో దీనికి అతిదగ్గరి పోలిక శుద్ధోదనుడు. అశ్వఘోషుని 'బుద్ధచరితం'లోనూ, తెలుగు పాఠకులకు పరిచితమైన తిరుపతి వేంకట కవుల 'బుద్ధచరిత్రము'లోనూ ఆ తండ్రి కుమారునికి ముసలితనం, రోగం, మరణం కంటపడకుండా కట్టడి చేస్తాడు. అక్కడా తోట ఉన్నది, ప్రేమ ఉన్నది, కాపలా ఉన్నది. అయితే ఒక భేదం ఉన్నది. శుద్ధోదనుడు దాచినది లోకానికంతటికీ సంబంధించిన సత్యం. దానిని ఎన్నడో ఒకనాడు ఏ దారిలోనైనా సిద్ధార్థుడు కళ్లారా చూడగలడు. రెనే దాచినది కుమార్తె స్వీయస్థితి. ఇతరులు చెబితే తప్ప దానిని తెలుసుకొనే మార్గం ఆమెకు దాదాపు లేదు. ఇతరులపై ఇంతగా ఆధారపడిన మనిషి దగ్గర సత్యాన్ని దాచడం మరింత సులభం. అందువల్లనే అది మరింత గురుతరమైన దోషం.

4. ఎర్ర గులాబీ

సత్యం వెల్లడయ్యే సన్నివేశం ఈ ఒపేరాకు గుండెకాయ. వొదెమాన్ సెలవు తీసుకొంటూ జ్ఞాపకంగా ఒక ఎర్ర గులాబీ కోరతాడు. ఇయొలాంతా తెల్ల గులాబీ ఇస్తుంది. మరల అడిగితే మరల తెల్లదే ఇచ్చి, ఎర్రది అంటే ఏమిటని ప్రశ్నిస్తుంది. అనుమానించిన వొదెమాన్ కొన్ని గులాబీలు పట్టుకొని ఎన్ని ఉన్నాయో చెప్పమంటాడు. ఒక్కొక్కటి తాకితే చెప్పగలనని ఆమె నమ్మకంగా అంటుంది. తాకకుండా చెప్పాలంటే అదెలా సాధ్యమని ఆశ్చర్యపడుతుంది. అతనికి విషయం అర్థమవుతుంది. ఆ రాజశాసనం సంగతి తెలియని వొదెమాన్ మామూలు మర్యాదతో ఒక పూల రంగు పేరెత్తాడు. అంత పటిష్ఠమైన ఏర్పాటు ఆ ఒక్క రంగు పేరుతో కూలిపోయింది.

అతడు జాలితో వెలుగును గురించి చెబుతాడు: దైవసృష్టిలో అది మొదటిది, దాని ద్వారానే సృష్టివైభవం తెలుస్తుంది. ఇక్కడ ఇయొలాంతా ఇచ్చిన సమాధానం విమర్శకుల శ్రద్ధను ఇంకా ఎక్కువగా పొందవలసినది. దైవాన్ని కీర్తించడానికి తనకు వెలుగు అవసరం లేదంటుంది. వెచ్చదనంలో, పరిమళంలో, పక్షికూజితంలో, దైవమహిమ తనకు అందుతున్నదంటుంది. వొదెమాన్ వాదించడు, ఆమె చెప్పినది నిజమనీ, ఆమెలోని ఆ వెలుగు ముందు భౌతికమైన వెలుగు అల్పమనీ ఒప్పుకొంటాడు.

ఈ సమాధానం రెనే భయాన్ని వమ్ముచేస్తుంది. నిజం తెలిస్తే బిడ్డ కుమిలిపోతుందని ఆయన ఇన్నేళ్లూ నమ్మాడు. నిజం తెలిసిన మొదటి నిమిషాలలో ఆమె కుప్పకూలలేదు. ఎదుటివాని అభిప్రాయాన్ని వినింది, తన అనుభవంతో పోల్చుకొన్నది, సమర్థమైన ప్రతివాదం చేసింది. సత్యాన్ని భరించలేరని మనం తీర్మానించినవారిని ఆ తీర్మానానికి ముందు ఎన్నడూ పరీక్షించి ఉండమన్నది ఇందులోని పాఠం. దాచేవారు ఎదుటివారి బలహీనతను ఊహిస్తారు. దాచడంవల్ల ఆ ఊహ తప్పని రుజువయ్యే అవకాశం కూడా పోతుంది.

5. తెలియనిదాన్ని కోరడం

రాజు వచ్చి జరిగినది విని నిర్ఘాంతపోతాడు. వైద్యుడు మాత్రం చికిత్సకు దారి తెరుచుకొన్నదని సంతోషిస్తాడు. అయితే చూపు కావాలా అని అడిగినప్పుడు ఇయొలాంతా చెప్పిన జవాబు అతనిని నిరాశపరుస్తుంది. తనకు అస్పష్టంగా తప్ప తెలియని దానిని గాఢంగా కోరుకోవడం సాధ్యమా అని ఆమె తిరిగి ప్రశ్నిస్తుంది. తండ్రి ఆజ్ఞ అయితే పాటిస్తానంటుంది. విధేయత ఉన్నది, ఇచ్ఛ లేదు. విధేయతతో చికిత్స ఫలించదని వైద్యుని నిశ్చయం. దేహం, ఆత్మ అనే రెండు లోకాలు విడదీయరానివనీ, దేహపు కన్ను తెరుచుకొనేముందు మనస్సు ఆ భావాన్ని గ్రహించాలనీ అతడు తొలుత రాజుకు చెప్పిన సిద్ధాంతం.

నైయాయికులు ప్రవృత్తిని వివరించిన క్రమం ఇక్కడ ఉపకరిస్తుంది. జ్ఞానం వల్ల ఇచ్ఛ, ఇచ్ఛ వల్ల కృతి అంటే ప్రయత్నం, ప్రయత్నం వల్ల చేష్ట కలుగుతాయి. ఒక వస్తువు ఉన్నదనీ, అది తనకు ఇష్టసాధనమనీ తెలియనిదే దానిపై కోరిక పుట్టదు. ఈ క్రమంలో మొదటి మెట్టును తొలగిస్తే మిగిలినవన్నీ వాటంతటవే కూలుతాయి. రెనే తొలగించినది ఆ మొదటి మెట్టునే. కుమార్తెకు కోరికలేమీ లేవనీ, కాబట్టి ఆమె సుఖంగా ఉన్నదనీ ఆయన భావించాడు. కోరిక తీరిన మనిషికీ, కోరే అవకాశమే ఎరుగని మనిషికీ బయటినుండి చూస్తే తేడా కనిపించదు; ఇద్దరూ నిశ్చింతగానే కనిపిస్తారు. కాబట్టి సత్యగోపనాన్ని 'వారు సుఖంగానే ఉన్నారు కదా' అన్న ప్రమాణంతో తూచలేం. ఆ సుఖాన్ని మరొక దానితో పోల్చి ఎంచుకొనే అధికారం వారికి లేనప్పుడు, ఆ మాటను వారి సాక్ష్యంగా తీసుకోవడం న్యాయం కాదు.

వైద్యుని సిద్ధాంతం శరీరశాస్త్రరీత్యా నిలవదు. కోరికతో అంధత్వం నయం కాదు. అయితే చూపు నేర్చుకోవలసిన విషయమన్న భావానికి ఆధారాలున్నాయి. తాకి గుర్తించిన గోళాన్నీ ఘనాన్నీ కొత్తగా చూపు వచ్చినవాడు చూసి గుర్తించగలడా అని మాలినో లాక్‌ను అడిగిన ప్రశ్న యూరప్ తత్త్వచింతనలో ప్రసిద్ధం. 1728లో ఛెసెల్డెన్ ప్రకటించిన శస్త్రచికిత్స వివరంలో, చూపు పొందిన బాలుడు దూరాలను అంచనా వేయలేక వస్తువులన్నీ తన కళ్లకు తాకుతున్నట్లు భావించాడు. ఒపేరా చివరలో ఇయొలాంతా కూడా తొలిచూపుకు ఆనందించదు, భయపడుతుంది. తాను ఎక్కడున్నదీ పోల్చుకోలేక తడబడుతుంది. ఇంతకాలం నివసించిన తోట ఆమెకు అపరిచితంగా తోస్తుంది. ఈ చిన్న వివరం కథను సులువైన అద్భుతం కాకుండా కాపాడింది. వెలుగు కూడా ఒక నష్టంతోనే మొదలవుతుంది.

6. రెండవ అసత్యం

ఇచ్ఛ లేని ఇయొలాంతాలో ఇచ్ఛ కలిగించడానికి రెనే ఒక ఉపాయం పన్నుతాడు. శాసనాన్ని ఉల్లంఘించి తోటలోకి వచ్చి రహస్యాన్ని వెల్లడించిన వొదెమాన్‌కు, చికిత్స ఫలించకపోతే మరణదండన తప్పదని ప్రకటిస్తాడు. వెంటనే ఆమె చలిస్తుంది. అతనిని కాపాడటానికి ఎంత బాధనైనా భరిస్తానంటుంది. ఆమె వైద్యునితో వెళ్లిన తరువాత రాజు వొదెమాన్‌ను క్షమాపణ కోరి, అది నటన అని చెబుతాడు.

ఈ సన్నివేశం నైతికంగా ఇబ్బంది కలిగిస్తుంది. ఒక అసత్యం నుండి ఆమెను విడిపించడానికి మరొక అసత్యం అవసరమైంది. సత్యం తెలియడమే చికిత్సకు షరతు అన్న కథలో చికిత్సను నడిపించినది కల్పితమైన బెదిరింపు. రెండూ మేలు కోరి చెప్పినవే కదా, మొదటిది తప్పయితే రెండవది ఎలా ఒప్పవుతుంది?

రెండింటి మధ్య భేదం లేకపోలేదు. మొదటి అసత్యం కోరికకు మూలమైన జ్ఞానాన్ని తొలగించింది. రెండవది ఆమె ఎదుట ఒక నిర్ణయాన్ని నిలిపింది. మొదటిది జీవితకాలం సాగేలా నిర్మితమైనది. రెండవది కొద్దిసేపటికే పరిమితం. అయినా ఈ భేదాలు రెండవదానిని నిర్దోషంగా చేయవు. రాజు ఆమె ప్రేమను ఒక మీటగా వాడుకొన్నాడు. చూపును ఆమె చూపు కోసం కోరలేదు, ఒక ప్రాణాన్ని నిలబెట్టడానికి కోరింది. ఆ ప్రాణానికి నిజంగా ముప్పు లేదు. నటన అన్న సంగతి కూడా ముందుగా వొదెమాన్‌కే తెలిసింది, ఆమెకు కాదు. అందరికీ తెలిసి ఆమెకు మాత్రం తెలియని స్థితి మరొకసారి, స్వల్పకాలమే అయినా, పునరావృతమైంది. దాచడానికి అలవాటుపడిన ప్రేమ, విడిపించేటప్పుడు కూడా దాచే పద్ధతినే ఆశ్రయిస్తుందని చూపడంలో మొదెస్త్ పాఠం, తాను ఉద్దేశించినా ఉద్దేశించకపోయినా, నిజాయితీగా ఉన్నది.

7. చికిత్స విఫలమై ఉంటే?

ఒపేరా సామూహిక ప్రార్థనాగీతంతో, వెలుగును ప్రసాదించిన దైవస్తుతితో ముగుస్తుంది. సంగీతపరంగా అది ఉదాత్తమైన ముగింపు. నైతికచర్చ దృష్టితో మాత్రం అది ఒక ప్రశ్నను తప్పించింది. ఇయొలాంతాకు చూపు వచ్చింది కాబట్టి సత్యం చెప్పడం మంచిదైందని ప్రేక్షకులు భావించే అవకాశం ఉన్నది. సత్యానికి ప్రతిఫలంగా చూపు లభించినట్లు కథ అల్లిక సాగింది. అప్పుడు, చికిత్స విఫలమై ఉంటే రెనే మౌనమే సరైనదని ఒప్పుకోవలసి వస్తుంది.

మన ఇళ్లలో ఎదురయ్యే సందర్భాలలో అధికభాగం ఈ రెండవ రకానివే. నయమయ్యే రోగాన్ని ఎవరూ అంతగా దాచరు. నయం కానిదాన్నే దాచుతారు. చెప్పి ప్రయోజనమేమిటన్నది వారి వాదం. ఈ వాదానికి ఒపేరా ముగింపులో జవాబు లేదు. నడుమనున్న గులాబీల సన్నివేశంలో ఉన్నది. చూపు వచ్చే ఆశ ఇంకా ఏర్పడకముందే, తన స్థితిని తెలుసుకొన్న ఇయొలాంతా తన అనుభవాన్ని తన మాటల్లో నిర్వచించుకొన్నది. అంతవరకు ఆమె అంధత్వం ఇతరులు తమలో తాము గుసగుసలాడుకొనే రహస్యం. ఆ నిమిషం నుండి అది ఆమె మాట్లాడగల, వాదించగల, అవసరమైతే గర్వించగల విషయం. సత్యం ఆమెకు ఇచ్చిన మొదటి ఫలితం ఇది. చూపు తరువాతి మాట. చికిత్స విఫలమైనా ఈ ఫలితం ఆమె దగ్గరే ఉండేది.

చూపులేని జీవితం అసంపూర్ణమనీ, నయం కావడమే దానికి సరైన ముగింపు అనీ ఒపేరా భావిస్తున్నదన్న ఆక్షేపణ న్యాయమైనదే. అయితే ఆ ఆక్షేపణకు బలమైన ఆధారం కూడా ఒపేరాలోనే ఉన్నది. వెలుగు లేకుండానే తన లోకం నిండుగా ఉన్నదన్న ఇయొలాంతా మాటను ఎవరూ ఖండించలేదు. ముగింపు గీతం దానిని పక్కకు నెట్టింది, అంతే. ఈ దృష్టితో చదివితే ఆమె లోటు కన్ను లేకపోవడంలో లేదు. తన కన్ను గురించి తనతో మాట్లాడేవారు లేకపోవడంలో ఉన్నది.

ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. మేలు కోరి చేసే సత్యగోపనాన్ని అబద్ధపు మాట ఉన్నదా లేదా అన్న కొలతతో నిర్ణయించలేం. మౌనం కూడా ఒక అసత్యప్రపంచాన్ని నిర్మించగలదు. ఒక మనిషి దేహస్థితికి సంబంధించిన సత్యానికి సొంతదారు ఆ మనిషే గనుక, కౌశికుని కథవంటి దృష్టాంతాలు ఈ సందర్భానికి సమర్థన కాలేవు. జ్ఞానం లేనిచోట ఇచ్ఛ పుట్టదు గనుక, దాచడం వల్ల కలిగిన నిశ్చింతను సుఖానికి ప్రమాణంగా తీసుకోలేం. చెప్పవలసిన బాధ్యత, చెప్పడం వల్ల నయమవుతుందా అన్న ప్రశ్నపై ఆధారపడి ఉండదు.

ప్రియం అన్న నియమాన్ని దీనితో త్రోసిపుచ్చుతున్నామని కాదు. ఎప్పుడు చెప్పాలి, ఎవరు చెప్పాలి, ఎంత నెమ్మదిగా చెప్పాలి, విన్నాక పక్కన ఎవరుండాలి అన్న ప్రశ్నలన్నీ ప్రియానికి చెందినవే. ఆ శ్రద్ధ లేకుండా విసిరిన సత్యం హింస కాగలదు. ఇయొలాంతా తన విషయాన్ని తెలుసుకొన్నది దారితప్పి వచ్చిన ఒక అపరిచితుని నోట, ఒక పువ్వు రంగు దగ్గర. అతడు సౌమ్యుడు కావడం ఆమె అదృష్టం. ఆ మాట చెప్పవలసినవాడు తండ్రి. చెప్పడానికి ఆయనకు ఏళ్ల వ్యవధి ఉన్నది, తోటంత ఏకాంతం ఉన్నది, అందరికంటె ఎక్కువ ప్రేమ ఉన్నది. వాటన్నింటినీ ఆయన దాచడానికే వెచ్చించాడు.